పదమూడేళ్ళ చదువు, రెండు నెలల కోత

ముసునూరు, నూజివీడు, ఆగిరిపల్లి, చాట్రాయి తోటల్లో కోత పనిలో ఉండి, పక్కన ఫోను పెట్టుకుని ఈ మాటలు వింటున్న అన్నలారా, తమ్ముళ్ళారా, ఈ ప్రసంగం ముఖ్యంగా మీకోసమే.

ఈ ఏడు ఒకటో తరగతిలో చేరే మగపిల్లవాడు మొత్తం మీద ఎన్నేళ్ళు చదువుతాడు? మన ఇళ్ళలో దీనికి జవాబు, "వాడి రాతను బట్టి" అని. ప్రపంచ దేశాలు మాత్రం దీన్ని లెక్కగట్టి, అంకె వేసి, ఏటా ఒకరి పక్కన ఒకరిని నిలబెట్టి చూసుకుంటున్నాయి. ఐక్యరాజ్యసమితి వారి మానవాభివృద్ధి సూచికలో ఆయుర్దాయం, ఆదాయంతో పాటు ఈ అంకె కూడా 2010 నుంచి ఒక భాగం. 2025లో వచ్చిన నివేదిక ప్రకారం మన దేశంలో ఇప్పుడు బడిలో అడుగుపెట్టే పిల్లవాడు చదువుతాడని ఆశించదగ్గ ఏళ్ళు పదమూడు. 1990లో ఇదే అంకె 8.2. అంటే ఒక తరం తిరిగేసరికి దాదాపు ఐదేళ్ళ చదువు పెరిగింది. ఇది చిన్న సంగతి కాదు. మధ్యాహ్న భోజనం, ఊరూరా బడి, హాస్టళ్ళు, గురుకులాలు, అన్నిటికీ మించి తాము పస్తులుండి పిల్లల్ని పంపిన తల్లులు, ఇందరి కష్టం ఆ ఐదేళ్ళలో ఉంది.

అదే నివేదికలో ఇంకో అంకె ఉంది. ఇప్పటికే ఇరవై అయిదేళ్ళు నిండిన పెద్దవాళ్ళు సగటున చదివిన ఏళ్ళు ఎన్ని అన్నది. మన దేశానికి అది 6.9. పిల్లలకి పదమూడు, పెద్దలకి ఏడుకి లోపు. మన ఊళ్ళలో ఈ రెండు అంకెలూ ఒకే గడప లోపల కనిపిస్తాయి. ఆరో ఏడో చదివి కాడి పట్టిన తండ్రి ఎదురుగా, ఇంటర్ పుస్తకం పట్టుకున్న కొడుకు కూర్చుంటాడు. ఏ తరగతిలో ఏం కష్టం ఉంటుందో, ఎక్కడ చెయ్యి పట్టుకోవాలో ఆ తండ్రికి తెలియదు, ఎందుకంటే ఆయన ఆ మెట్టు ఎక్కలేదు. తప్పు ఆయనది కాదు. 2011 జనాభా లెక్కల నాటికి, ముసునూరు ఇంకా కృష్ణా జిల్లాలో ఉన్న రోజుల్లో, బాగా చదువుకున్న జిల్లా అని పేరున్న ఆ జిల్లాలోనే అక్షరాస్యులు నూటికి 74 మందికి కాస్త లోపు.

ఈ పదమూడు ఎలా వచ్చిందో ఒకసారి చూద్దాం. లెక్క కష్టమైనది కాదు, పైగా అది తెలిస్తే మన చేతిలో ఏముందో తెలుస్తుంది. ఆరేళ్ళ పిల్లల్లో నూటికి ఎంతమంది బడిలో ఉన్నారు, ఏడేళ్ళ వాళ్ళలో ఎంతమంది, ఎనిమిదేళ్ళ వాళ్ళలో ఎంతమంది, ఇలా ఒక్కో వయసుకీ చూసుకుంటూ పోయి అన్నీ కూడతారు. ఏ వయసులో నూటికి నూరుమందీ బడిలో ఉంటే ఆ వయసుకి ఒక ఏడాది పూర్తిగా జమ. సగంమందే ఉంటే అర ఏడాది జమ.

ఊహకోసం ఒక ఊరు తీసుకుందాం. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ దాకా అందరూ బడిలోనే ఉన్నారనుకోండి. తొమ్మిదేళ్ళు జమ. పదిహేనో ఏట నూటికి తొంభై మంది, పదహారో ఏట డెబ్భై అయిదు, పదిహేడో ఏట అరవై అయిదు మంది మిగిలారు. మూడేళ్ళు కావలసింది, 2.3 వచ్చింది. ఆపైన డిగ్రీ వయసులో నలభై అయిదు, నలభై, ముప్ఫై అయిదు, ఇరవై మంది ఉన్నారు. అది 1.4. మొత్తం 12.7. మన దేశం అంకెకు దగ్గరగానే ఉంది చూశారా. ఇప్పుడు ఆ ఊరివాళ్ళు కాలేజీల జోలికి పోకుండా, పదిహేను, పదహారు, పదిహేడు ఏళ్ళ పిల్లల్ని మాత్రం ఒక్కరూ జారిపోకుండా పట్టుకున్నారనుకోండి. అంకె ఒక్కసారిగా 13.4 అవుతుంది. కింది తొమ్మిదేళ్ళలో పెరగడానికి ఇక చోటు లేదు. పెరిగినా తరిగినా ఆ మూడేళ్ళ దగ్గర నుంచే. నేను ఈవేళ మీ ముందుకు వచ్చింది ఆ మూడేళ్ళ గురించి మాట్లాడటానికే.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఇది జాతకం కాదు. ఈనాడు ఒక్కో వయసులో ఎంతమంది చదువుతున్నారో, రేపు కూడా అలాగే ఉంటే ఈ పిల్లవాడికి ఇన్నేళ్ళు దక్కుతాయి అని మాత్రమే అది చెబుతుంది. ఈ ఏడు పదిహేనేళ్ళ పిల్లలు ఎక్కువమంది కాలేజీలో చేరితే, వచ్చే ఏడు ఒకటో తరగతి పిల్లవాడి అంకె పెరుగుతుంది. పెద్దపిల్లలు ఈనాడు చేసిన పనిని బట్టి చిన్నపిల్లల భవిష్యత్తుకు లెక్క కడుతున్నారన్నమాట.

ఇతర దేశాల సంగతి చూద్దాం. ఆస్ట్రేలియాలో ఈ అంకె ఇరవై దాటుతుంది. ఇరవయ్యేళ్ళు ఒకే పిల్లవాడు కూర్చుని చదువుతాడని కాదు. ఉద్యోగంలో ఉన్న ముప్ఫై, నలభై ఏళ్ళ మనిషి కూడా అక్కడ వృత్తివిద్యా సంస్థలో చేరి కొత్త పని నేర్చుకుంటాడు, వాళ్ళందరూ లెక్కలోకి వస్తారు. అందుకే ఐక్యరాజ్యసమితి వాళ్ళు సూచికలో పద్దెనిమిదేళ్ళ దగ్గర గీత గీశారు, ఎం.ఏ. స్థాయి చదువుకి అది సరిపోతుందని. మన పక్కనున్న పాకిస్తాన్ ఎనిమిదేళ్ళ దగ్గరే ఉంది. యుద్ధాలతో చితికిపోయిన దక్షిణ సూడాన్‌లో ఆరేళ్ళకు లోపు. ఫిన్లాండు 2021 నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా చదువు తప్పనిసరి చేసింది. అంతకు ముందు కూడా అక్కడ చాలామంది చదివేవాళ్ళే. మిగిలిన ఆ కొద్దిమందిని కూడా వదలకూడదని చట్టం తెచ్చారు.

మగపిల్లల సంగతి ప్రత్యేకంగా ఎందుకు అంటారా. చాలాకాలం మనం ఆడపిల్లల చదువు గురించే దిగులు పడ్డాం. పడవలసిందే, ఇంకా పడవలసిన ఊళ్ళు ఉన్నాయి. మగపిల్లవాడికి ఏం, వాడు ఎలాగూ చదువుతాడు అనుకున్నాం. ఆ "ఎలాగూ" ఇప్పుడు నిలవడం లేదు. 2022లో యునెస్కో మగపిల్లలు చదువుకి దూరమవుతున్న తీరు మీద ప్రత్యేకంగా ఒక నివేదిక తెచ్చింది. 2020 నాటికి ప్రపంచంలో బడికి వెలుపల ఉన్న సుమారు 25.9 కోట్ల మంది పిల్లల్లో సగానికి పైగా, 13.2 కోట్ల మంది, మగపిల్లలే.

ఈ విషయంలో మన ప్రాంతం వాళ్ళు చెవి ఒగ్గి వినవలసిన దేశాలు రెండున్నాయి. ఒకటి మంగోలియా. 1990ల మొదట్లో అక్కడ సమష్టి క్షేత్రాలు రద్దయి పశువుల మందలు కుటుంబాల చేతికి వచ్చాయి. మంద ఇంటిదైంది, కాసే మనిషి కావాలి. ఎవరిని మాన్పించాలి? కొడుకుని. కూతురు చదువుకుంది. అక్కడి విశ్వవిద్యాలయాల్లో ఆడపిల్లలే ఎక్కువ. రెండోది ఆఫ్రికాలోని లెసోతో. కొండల మీద గొర్రెలు, పశువులు కాసే పని తరతరాలుగా మగపిల్లలది కావడంతో అక్కడా ఆడపిల్లలే ఎక్కువ ఏళ్ళు చదువుతున్నారు. రెండు చోట్లా తల్లిదండ్రులకు కొడుకు మీద ప్రేమ తక్కువై కాదు. వాడి వయసుకీ, వాడి ఒంటి బలానికీ తగిన పని ఇంటి ముంగిట్లోనే ఉంది, చేతిలో డబ్బు పడుతుంది.

ముసునూరులో మందలు లేవు. తోటలున్నాయి.

మార్చి చివరికి పిందె కాయవుతుంది. ఏప్రిల్ వచ్చేసరికి బంగినపల్లి కోతకు వస్తుంది, వెనకే రసాలు, కలెక్టరు కాయ. తోట పాడుకున్న వ్యాపారికి ఒక్కో రోజూ లెక్కే. ఈదురుగాలి ఒక్కటి వీస్తే ఏడాది పెట్టుబడి నేల మీద రాలి ఉంటుంది. అందుకే తొందర. చిక్కం కట్టిన గెడ పట్టుకుని కోసేవాళ్ళు, కింద ఏరేవాళ్ళు, సొన ఒంటిమీద పడకుండా తొడిమె చూసుకుంటూ ట్రేల్లో సర్దేవాళ్ళు, నున్న మార్కెట్టుకి లోడెత్తేవాళ్ళు, రాత్రి కాపలా పడుకునేవాళ్ళు, ఇందరు కావాలి. పదిహేను, పదహారేళ్ళ కుర్రాడు కొమ్మ మీదికి చకచకా ఎక్కుతాడు, బరువెత్తుతాడు, రాత్రి తోటలో పడుకోవడానికి భయపడడు. మేస్త్రి వెతికేది వాడి కోసమే. మామిడి రైతు కష్టం నాకు తెలియంది కాదు. తేనెమంచు పురుగుకీ, తామర పురుగుకీ మందులు కొట్టి కొట్టి, చివరికి ధర పడిపోయిన ఏడు అతని ముఖం చూడలేం. అతను పిల్లల్ని చెడగొట్టాలని చూడడు. అతనికి చేతులు కావాలి.

ఇక్కడే చట్టం కూడా చెయ్యి వదిలేస్తుంది. రాజ్యాంగం 1950లో అమల్లోకి వచ్చినప్పుడు, పదేళ్ళలోగా పద్నాలుగేళ్ళ దాకా పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి ప్రయత్నించాలని రాసుకున్నాం. 1960కి జరగాల్సింది హక్కుగా చేతికి రావడానికి 2010 ఏప్రిల్ 1 దాకా పట్టింది. ఆ విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ వాళ్ళకి. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి పద్నాలుగేళ్ళ లోపు వాళ్ళని పనిలో పెట్టుకోకూడదన్నారు, బడి అయ్యాక ఇంటి పనిలో సాయం వంటి కొద్ది మినహాయింపులతో. పద్నాలుగు నుంచి పద్దెనిమిది దాకా ప్రమాదకరమైన పనులు మాత్రమే నిషేధం. రెండు చట్టాలూ ఒకే పుట్టినరోజున పిల్లవాడిని వదిలేస్తున్నాయి చూడండి. అప్పటికి వాడు తొమ్మిదో తరగతిలో ఉంటాడు. పదో తరగతి పరీక్ష ఇంకా రాయలేదు.

ఆ పరీక్ష దగ్గర మగపిల్లలు వెనకబడటం మన రాష్ట్రంలో మామూలైపోయింది. 2024 పదో తరగతి ఫలితాల్లో బాలికలు 89.17 శాతం, బాలురు 84.32 శాతం పాసయ్యారు. 2025లో బాలికలు 84.09, బాలురు 78.31. నూటికి ఐదారుగురు తేడా. పైన చెప్పిన లెక్కలో, పదిహేనో ఏటి దగ్గర అంకె మొదట తరిగేది సరిగ్గా ఇక్కడే.

తప్పిన పిల్లవాడికి సంవత్సరం పోకుండా అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు ఉన్నాయి. అవి ఎప్పుడు? 2024లో మే 24 నుంచి జూన్ 3 దాకా. 2025లో మే 19 నుంచి 28 దాకా. ఫలితాలేమో ఏప్రిల్ నాలుగో వారంలో. ఈ తేదీలు విన్న తోటల వాళ్ళకి నేను వేరే చెప్పనక్కరలేదు. తప్పిన కబురు తెలిసిన రోజునుంచి మళ్ళీ పరీక్ష రాసే రోజు దాకా, అంతా మామిడి కోతే. లెక్కల్లోనో సైన్సులోనో నాలుగు మార్కులు తక్కువ వచ్చి, నలుగురిలో తలెత్తుకోలేకపోతున్న కుర్రాడిని ఆ వారంలోనే మేస్త్రి "రారా, ఖాళీయేగా" అని పిలుస్తాడు. తోటలో వాడిని ఎవరూ మార్కులు అడగరు. సాయంత్రానికి కూలి చేతికొస్తుంది, ఇంట్లో అమ్మకి ఇస్తే ఆమె ముఖం వెలుగుతుంది. పదిహేనేళ్ళ పిల్లవాడికి అది ఎంత పెద్ద ఓదార్పో నేను అర్థం చేసుకోగలను. అందుకే నాకు భయం. వాడు చదువు మానేస్తున్నానని ఎవరికీ చెప్పడు, తనకి తాను కూడా చెప్పుకోడు. ఈ కోత అయ్యాక చూద్దాం అనుకుంటాడు. కోత అయ్యేసరికి సప్లిమెంటరీ అయిపోతుంది. ఆ తర్వాత పామాయిల్ గెలలున్నాయి, మొక్కజొన్న ఉంది, ట్రాక్టరు ఉంది.

ప్రథమ్ సంస్థ వారి అసర్ బృందం పల్లెల్లో పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లల్ని 2023లో కలిసి మాట్లాడింది. పద్నాలుగేళ్ళ వాళ్ళలో చదువు బయట ఉన్నది 3.9 శాతం. పద్దెనిమిదేళ్ళ వాళ్ళలో 32.6 శాతం. పద్దెనిమిదో ఏటికి దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరు జారిపోతున్నారు. అందులోనే మరో మాట ఉంది, అది నన్ను ఇంకా బాధపెట్టింది. ఆ వయసు పిల్లల్లో సుమారు పావువంతు మంది తమ ప్రాంతీయ భాషలో రెండో తరగతి పాఠాన్ని తడబడకుండా చదవలేకపోయారు. బడిలో పేరున్న ఏళ్ళని కూడే ఈ పదమూడు అంకె ఆ సంగతి చెప్పదు. ఒకే తరగతి రెండుసార్లు చదివినా అది రెండేళ్ళుగానే జమ కడుతుంది. వానాకాలం చదువు చదివినవాడికీ, శ్రద్ధగా చదివినవాడికీ దాని దగ్గర ఒకటే విలువ. పిల్లవాడు పదిలో తప్పడానికి కారణం పదిలో వెతికితే దొరకదు, చాలాసార్లు మూడో తరగతిలో దొరుకుతుంది. చదవడం సరిగా రాకుండానే పై తరగతికి, మళ్ళీ పై తరగతికి వెళ్ళాడు. "చదువు మీద ఇష్టం లేదండీ" అని మనం తేలిగ్గా అనేసే కుర్రాళ్ళలో చాలామంది ఏళ్ళ తరబడి అర్థంకాని పాఠం ముందు కూర్చుని సిగ్గుపడినవాళ్ళు.

మన ఇళ్ళలో ఇంకో ఆచారం ఉంది, దాన్ని కూడా దాచకుండా మాట్లాడుకోవాలి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు 2002 నుంచి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మూడువేల మంది పిల్లల జీవితాలను ఏళ్ళ తరబడి వెంబడించి చూస్తున్నారు. 'యంగ్ లైవ్స్' అని దాని పేరు. ఇథియోపియా, పెరూ, వియత్నాం పిల్లల్ని కూడా ఇలాగే చూస్తున్నారు. అందులో తేలిన ఒక విషయం, ప్రైవేటు బడికి పంపేటప్పుడు మన తల్లిదండ్రుల మొగ్గు కొడుకు వైపే ఉందని. అక్కకి సర్కారు బడి, తమ్ముడికి ఫీజు కట్టే ఇంగ్లీషు మీడియం. బస్సు అప్పు, ఫీజు అప్పు వాడి పేరు మీదే. అంత పెట్టి, పదిలో తప్పాడనగానే, "ఇంతపోసి చదివిస్తే ఏం లాభం, నాలుగు రోజులు తోటకి పోతే తెలుస్తుంది" అని కోపంతో పంపేది కూడా ఆ తండ్రే. ఆ కోపంలో ప్రేమే ఉంది, కాదనను. కానీ ఫీజు కట్టిన పదేళ్ళ కన్నా, ఫలితాలు వచ్చిన ఆ ఒక్క వారంలో తండ్రి పక్కన కూర్చోవడం పిల్లవాడికి ఎక్కువ అవసరం.

పది దాటితే ఏముందో చూడటానికి మన వాళ్ళు దూరం పోనక్కరలేదు. నూజివీడులో ట్రిపుల్ ఐటీ 2008లో పెట్టారు, ఇడుపులపాయ, బాసరలతో పాటు. పల్లెల్లో సర్కారు బడుల్లో చదివిన పిల్లల కోసమే ప్రధానంగా పెట్టిన చదువు అది. పది మార్కులతో తీసుకుంటారు, ప్రభుత్వ బడి పిల్లలకు కొంత అదనపు మార్కుల సౌకర్యం ఉంది, చేరితే ఆరేళ్ళు, ఇంటరూ ఇంజనీరింగూ అక్కడే. పది ప్లస్ ఆరు, పదహారేళ్ళు. ఆ ప్రాంగణం గోడకి అవతలా ఇవతలా మామిడి తోటలే. గోడ లోపల ఒక పదహారేళ్ళ కుర్రాడు కంప్యూటరు ముందు ఉన్నాడు. గోడ బయట అదే వయసు కుర్రాడు చెట్టు మీద ఉన్నాడు. ఒకరికి పదహారు, ఒకరికి పది. ఇద్దరినీ కలిపి సగటు తీస్తే, మన దేశం అంకె పదమూడే వస్తుంది. సగటు సరిగ్గానే ఉంది. ఆ పదమూడు మాత్రం ఇద్దరిలో ఏ ఒక్కరి జీవితమూ కాదు.

గోడ బయటి పిల్లవాడిని బడికి తేవచ్చని చేసి చూపినవాళ్ళు ఉన్నారు. ఆచార్య శాంతా సిన్హా గారు, వెంకటరంగయ్య ఫౌండేషన్ ద్వారా రంగారెడ్డి జిల్లా ఊళ్ళలో వేలమంది పిల్లల్ని పని మాన్పించి బడికి చేర్చారు. 2003లో ఆమెకి మెగసెసే పురస్కారం వచ్చింది. ఆవిడ నిలబడ్డ సిద్ధాంతం ఒకటే, బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే, ప్రతి పిల్లవాడూ బాలకార్మికుడే అని. పేదరికం పోయాక చదివిస్తాం అంటే ఆమె ఒప్పుకోలేదు. ఊళ్ళో పెద్దలు, యజమానులు, కుర్రకారు అందరూ కలిసి "మా ఊళ్ళో పిల్లవాడు పనిలో ఉండకూడదు" అని కట్టుబాటు చేసుకునేదాకా ఆమె మనుషులు ఇల్లిల్లూ తిరిగారు. పనికి పెట్టుకున్న ఆసాముల చేతనే ఆ పిల్లల్ని బడికి పంపించారు. మామిడి ఊళ్ళకి అలాంటి కట్టుబాటు పెట్టుకోవడం కష్టమేమీ కాదు. శివరాత్రికి బలివె తిరునాళ్ళలో తమ్మిలేరు ఒడ్డున లక్షల జనాన్ని సర్దగలిగే ప్రాంతం మనది. ఒక ఊళ్ళో పదిలో తప్పే మగపిల్లలు ఎంతమంది ఉంటారు? వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వాళ్ళ పేర్లు హైస్కూలు హెడ్మాస్టరు గారి దగ్గర ఉంటాయి.

తోట పాడుకున్న అన్నలకి నా విన్నపం ఇది. మీ జట్టులోకి పదిహేనేళ్ళ కుర్రాడు వస్తే, పది పాసయ్యావా అని ఒక్క మాట అడగండి. తప్పానంటే, సప్లిమెంటరీకి ఫీజు కట్టావా అని రెండో మాట అడగండి. ఆ ఫీజుకి గడువు ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకే ముగుస్తుంది, చాలామంది కుర్రాళ్ళు పరీక్ష పోగొట్టుకునేది అక్కడే. బడిలో సప్లిమెంటరీ క్లాసులు పెడితే ఆ పూట వాడిని వదలండి. పరీక్ష ఉన్న రోజుల్లో వాడు మీ తోటకి రాకపోతే ఆ కాయ వేరేవాళ్ళు కోస్తారు.

తల్లిదండ్రులకి. సప్లిమెంటరీ కూడా తప్పితే దారి మూసుకుపోదు. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం, అందరూ ఓపెన్ స్కూల్ అంటారు, 1991 నుంచి ఉంది. పద్నాలుగేళ్ళు నిండిన వాళ్ళు అందులో పది కట్టవచ్చు, ఆ తర్వాత ఇంటర్ కూడా అక్కడే చదవవచ్చు. దాని కేంద్రాలు దగ్గరి హైస్కూళ్ళలోనే నడుస్తాయి, ఆదివారాలూ సెలవు రోజుల్లో తరగతులు ఉంటాయి. చేరే గడువు ఏడాదికేడాది మారుతుంది కనుక మండల విద్యాశాఖాధికారి కార్యాలయంలో జూన్, జూలై నెలల్లోనే వెళ్ళి అడగండి. వెళ్ళేటప్పుడు పిల్లవాడి ఆధార్ కార్డు, పుట్టిన తేదీ పత్రం, చదివిన బడి ఇచ్చిన రికార్డు షీటు వెంట తీసుకువెళ్ళండి. పిల్లవాడిని కూడా తీసుకువెళ్ళండి.